టర్బో పెట్రోలు ఇంజనులో పలుచని మిశ్రమం

పలుచని మిశ్రమం అనగా పెట్రోలు ఇంజను సిలిండరులోనికి చేరిన గాలికి సరిపడినంత ఇంధనం అందని స్థితి. మెకానిక్కులు దీనిని ఇంజను "లీన్" అయిందని అంటారు. ఇంధనం అవసరానికి మించి ఉంటే అది చిక్కని మిశ్రమం లేక "రిచ్". మజ్జిగలో నీరు ఎక్కువైతే పలుచన అయినట్లే ఇక్కడ పెట్రోలులో గాలి ఎక్కువైతే పలుచన అవుతుంది. టర్బోచార్జరు లేని ఇంజనులో ఈ లోపం చాలావరకు చిరాకు కలిగించేది మాత్రమే. టర్బో ఇంజను పూర్తి భారం మీద ఉన్నప్పుడు సంభవిస్తే మాత్రం కొద్ది సెకన్లలోనే పిస్టన్ కరగవచ్చును. అందువలన ఈ లోపాన్ని వెదికేటప్పుడు మిశ్రమం పలుచబడిందా అనే ప్రశ్న ఒక్కటే చాలదు. అది ఏ సమయంలో పలుచబడుతున్నది, గాలి ఏ చోట నుండి వస్తున్నది లేక పోతున్నది అనేవి కూడా తెలియాలి.

గాలి, ఇంధనముల నిష్పత్తి

ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా దహనం కావటానికి సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావాలి. ఇది ద్రవ్యరాశుల నిష్పత్తి, ఘనపరిమాణముల నిష్పత్తి కాదు. సిలిండరులో ఉన్న అసలు నిష్పత్తిని ఈ ఆదర్శ నిష్పత్తితో భాగిస్తే వచ్చే సంఖ్యను లాంబ్డా అంటారు. లాంబ్డా 1 అయితే గాలి, ఇంధనం సరిగా సరిపోయాయని అర్థం. 1 కంటె ఎక్కువైతే మిశ్రమం పలుచన, తక్కువైతే చిక్కన.

రోడ్డు మీద సాధారణ వేగంతో పోయే కారులో లాంబ్డా 1 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే పొగగొట్టంలోని మూడు విధముల కాలుష్యాలను ఒకేసారి శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు ఆ నిష్పత్తి దగ్గర మాత్రమే బాగా పనిచేస్తుంది. డీజిల్ ఇంజను విషయం వేరు. అది ఎల్లప్పుడూ అధిక గాలితోనే నడుస్తుంది కనుక ఈ వ్యాసంలోని విషయం దానికి వర్తించదు.

టర్బో ఇంజనులో అపాయం ఎందుకు ఎక్కువ

పొగగొట్టం నుండి వెలువడే వాయువుల శక్తితో ఒక టర్బైనును తిప్పి, దాని సాయంతో గాలిని కుదించి సిలిండరులోనికి పంపే పద్ధతికి స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందాడు. పెట్రోలు కార్లలోకి ఇది 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వైర్ కార్ల ద్వారా వచ్చింది. జెట్‌ఫైర్ ఇంజనులో కుదింపు నిష్పత్తి 10.25. దానికి టర్బో కూడా తోడు కావటంతో మిశ్రమం దానంతట అదే పేలకుండా ఉండటానికి నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ప్రత్యేకమైన తొట్టె నుండి గాలిలోకి చిమ్మేవారు. యజమానులు ఆ తొట్టెను నింపటం మరచిపోయేవారు. చివరకు చాలా కార్ల నుండి టర్బోను తీసివేసి మామూలు కార్బ్యురేటరు బిగించారు.

జెట్‌ఫైర్‌లో ఆ ద్రవం చేసిన పనిని తరువాతి టర్బో ఇంజనులలో అదనపు పెట్రోలు చేస్తుంది. వాతావరణ పీడనానికి పైన మరో 1 బార్ పీడనంతో గాలిని పంపితే సిలిండరులోకి దాదాపు రెట్టింపు గాలి చేరుతుంది. కుదింపు వలన ఆ గాలి వేడెక్కి కూడా ఉంటుంది. పూర్తి భారం మీద లాంబ్డాను 0.8 - 0.9 మధ్య ఉంచితే మండని పెట్రోలు ఆవిరి అవుతూ వేడిని గ్రహిస్తుంది. అనగా ఇక్కడ పెట్రోలు ఇంధనమే కాక శీతలకారి కూడా. ఇటీవలి ఇంజనులలో కొన్ని, సిలిండరు హెడ్డులోనే నీటితో చల్లబడే పొగదారులను అమర్చి, పూర్తి భారం మీద కూడా లాంబ్డా 1 కు దగ్గరగా నడువగలుగుతున్నాయి. అయితే వాటిని మొదటి నుండి అందుకు తగినట్లుగానే రూపొందించారు.

పలుచని మిశ్రమం ఎక్కువ వేడితో మండుతుందని తరచుగా చెబుతారు. ఇది సగం నిజం. దహనపు వేడి లాంబ్డా 1 దగ్గర, దానికి కొంచెం చిక్కని వైపున అత్యధికంగా ఉంటుంది. అంతకంటె బాగా పలుచబడితే వేడి తగ్గుతుంది. కాబట్టి 0.8 తో నడవవలసిన ఇంజను 1 కి జారినప్పుడు అది సరిగ్గా అత్యధిక వేడి వైపు జరుగుతున్నది. దీనికి తోడు చల్లదనం కరువై, స్పార్క్ నుండి మొదలైన మంట చేరకముందే మూలన ఉన్న మిశ్రమం తానై పేలుతుంది. దీనిని నాకింగ్ అంటారు. ఆ పీడన తరంగాలు పిస్టన్ మీద ఉండే రక్షక వాయుపొరను చెదరగొడతాయి. అల్యూమినియం కరిగే ఉష్ణోగ్రత 660 డిగ్రీల సెల్సియస్, పిస్టన్‌లో వాడే మిశ్రలోహాలది ఇంకా తక్కువ. మండే వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. రింగుల మధ్య ఉండే సన్నని గోడలు విరగటం, పిస్టన్ తలకు రంధ్రం పడటం ఇందువలననే.

లక్షణములు

ఐడిలింగులో ఇంజను వణకటం, ఆర్‌పిఎం ముల్లు పైకి కిందికి ఊగటం, చల్లటి ఇంజను స్టార్టు కావటానికి మొరాయించటం, యాక్సిలరేటరు తొక్కిన వెంటనే ఒక క్షణం తడబడటం సాధారణ లక్షణములు. డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలగవచ్చును. బూస్ట్ సమయంలో పలుచబడితే లక్షణములు ఇంత స్పష్టంగా ఉండవు. శక్తి కొద్దిగా తగ్గినట్లు అనిపించవచ్చు, లేదా గులకరాళ్ళు డబ్బాలో గిలకొట్టినట్లు నాకింగ్ శబ్దం వినిపించవచ్చు. నాక్ సెన్సరు ఆ శబ్దాన్ని పసిగట్టి స్పార్కును ఆలస్యం చేసి, బూస్టును తగ్గించి ఇంజనును కాపాడేందుకు ప్రయత్నిస్తుంది. స్వీడన్ దేశపు సాబ్ సంస్థ 1980ల ఆరంభంలో ఏపీసీ అనే పేరుతో ఇటువంటి ఏర్పాటును తన కార్లలో ప్రవేశపెట్టింది. ఈ రక్షణ మేలైనదే కాని దాని వలన అసలు లోపం చాలాకాలం బయటపడకుండా ఉండిపోతుంది.

స్పార్క్ ప్లగ్గును విప్పి చూడటం పాత పద్ధతి. పింగాణీ భాగం లేత గోధుమరంగులో ఉంటే మంచిది. సున్నం వేసినట్లు తెల్లగా పాలిపోయి ఉంటే అనుమానించాలి. పింగాణీ మీద వెండి రంగు చుక్కలు కనబడితే అవి కరిగిన పిస్టన్ అల్యూమినియపు తుంపరలు. అప్పుడు కారును నడపకుండా ఆపివేయటమే సరైనది.

లాంబ్డా సెన్సరు, కంప్యూటరు దిద్దుబాటు

పొగలో మిగిలిన ఆక్సిజనును కొలిచే లాంబ్డా సెన్సరును జర్మనీకి చెందిన బాష్ సంస్థ తయారుచేయగా 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వాడారు. జిర్కోనియా పింగాణీతో చేసిన ఈ సెన్సరు పలుచని మిశ్రమానికి సుమారు 0.1 వోల్టు, చిక్కని మిశ్రమానికి సుమారు 0.9 వోల్టు ఇస్తుంది. మధ్యలో 0.45 వోల్టు దగ్గర తటాలున మారుతుంది. కనుక అది "పలుచన" లేక "చిక్కన" అని మాత్రమే చెప్పగలదు, ఎంత అనేది చెప్పలేదు. తరువాత వచ్చిన వైడ్‌బ్యాండ్ సెన్సరు లాంబ్డా విలువనే ఇస్తుంది. టర్బో ఇంజను బూస్టులో ఉండగా పరీక్షించటానికి వైడ్‌బ్యాండ్ సెన్సరే ఉపయోగపడుతుంది. పాత రకం సెన్సరు లాంబ్డా 0.8 కి, 0.9 కి దాదాపు ఒకే వోల్టేజి చూపుతుంది.

సెన్సరు చెప్పినదాని ప్రకారం ఇంజను కంప్యూటరు ఇంధనాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఈ దిద్దుబాటును ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. క్షణక్షణం మారేది స్వల్పకాలిక ట్రిమ్. అది చాలాసేపు ఒకే వైపు ఉంటే దానిని నేర్చుకుని దాచుకునేది దీర్ఘకాలిక ట్రిమ్. రెంటి మొత్తం సున్నాకు ఇటు అటు 10 శాతం లోపు ఉంటే సాధారణంగా బాధ లేదు. దిద్దుబాటు సుమారు 25 శాతం వరకు చేరి ఇక పెంచలేని స్థితి వస్తే కంప్యూటరు పి0171 అనే లోపసంఖ్యను నమోదు చేసి దీపం వెలిగిస్తుంది. వి ఆకారపు ఇంజనులలో రెండవ వరుసకు ఇదే లోపం పి0174. అమెరికాలో 1996 మోడలు కార్ల నుండి, భారతదేశంలో 2013 ఏప్రిల్ నుండి ఓబీడీ రెండవ దశ నియమాలు అమలులోకి వచ్చినందున ఈ వివరాలను ఒక చిన్న స్కానరుతో ఎవరైనా చదువవచ్చును.

దీపం వెలిగే నాటికి లోపం పుట్టి చాలాకాలం అయి ఉండవచ్చు. ట్రిమ్ 18 శాతం ఉన్న కారు నడపటానికి బాగానే ఉంటుంది, దీపమూ వెలగదు. కాని పాత పద్ధతి ఇంజనులలో పూర్తిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు కంప్యూటరు సెన్సరును పక్కనబెట్టి తన పట్టికను, అంతకుముందు నేర్చుకున్న దిద్దుబాటును నమ్ముకుని ఇంధనం ఇస్తుంది. అప్పుడు వచ్చే కొరతను ఆ క్షణంలో సరిదిద్దే సాధనం ఉండదు.

రంధ్రం ఏ చోట ఉన్నది

గాలి లీకు అనగానే మిశ్రమం పలుచబడుతుందని అనుకోవటం టర్బో ఇంజను విషయంలో సరికాదు. గాలి ప్రయాణించే వరుస ఇది: మొదట ఎయిర్ ఫిల్టరు, తరువాత గాలి ద్రవ్యరాశిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సరు, తరువాత టర్బో కంప్రెసరు, ఇంటర్‌కూలరు, థ్రాటిల్, ఇన్‌టేక్ మానిఫోల్డు, సిలిండరు. కంప్యూటరుకు తెలిసినది సెన్సరు కొలిచిన గాలి మాత్రమే.

సెన్సరుకు, కంప్రెసరుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టం చీలితే అక్కడ ఎల్లప్పుడూ పీల్పు ఉంటుంది కనుక కొలవని గాలి లోపలికి వస్తుంది. మిశ్రమం పలుచబడుతుంది, భారం పెరిగినా పలుచనగానే ఉంటుంది. కంప్రెసరుకు, థ్రాటిలుకు మధ్య గొట్టం ఊడితే బూస్టులో కొలిచిన గాలి బయటికి పోతుంది. లేని గాలికి కంప్యూటరు పెట్రోలు పోస్తుంది, మిశ్రమం చిక్కబడి నల్లని పొగ వస్తుంది. ఇక థ్రాటిల్ తరువాత మానిఫోల్డులో రంధ్రం ఉంటే అది రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. ఐడిలింగులో అక్కడ వాతావరణ పీడనం కంటె తక్కువ పీడనం ఉండి గాలి లోపలికి వచ్చి పలుచబరుస్తుంది. బూస్టులో అదే రంధ్రం నుండి గాలి బయటికి పోయి చిక్కబరుస్తుంది. ఒకే చీలిక ఉదయం ఒక లోపంగా, మధ్యాహ్నం దానికి వ్యతిరేకమైన లోపంగా కనబడటంతో అనుభవజ్ఞులు సైతం తికమకపడుతుంటారు.

ఎయిర్ ఫ్లో సెన్సరు లేకుండా మానిఫోల్డు పీడనం, ఉష్ణోగ్రతలను బట్టి గాలిని లెక్కించే ఇంజనులు కూడా ఉన్నాయి. వాటిలో కంప్రెసరుకు థ్రాటిలుకు మధ్య లీకు వలన బూస్టు తగ్గుతుంది కాని మిశ్రమం పెద్దగా చెడదు. కాబట్టి పరీక్ష ప్రారంభించే ముందు కారులో ఏ పద్ధతి ఉన్నదో తెలుసుకోవటం అవసరం.

ఇంధనం చాలకపోవటం

బూస్టు సమయంలో మాత్రమే మిశ్రమం పలుచబడుతుంటే గాలి కంటె ముందుగా ఇంధన సరఫరాను అనుమానించాలి. అరిగిన పంపు, మూసుకుపోయిన ఫిల్టరు, పంపుకు చాలినంత వోల్టేజి అందించని తుప్పుపట్టిన కనెక్టరు, గార పట్టిన ఇంజెక్టరు, ఇవన్నీ ఐడిలింగులో బయటపడవు. ఐడిలింగులో ఇంజనుకు కావలసిన పెట్రోలు అతి స్వల్పం.

వీటిలో చిన్న ఖర్చుతో పెద్ద నష్టం తెచ్చేది ప్రెషర్ రెగ్యులేటరుకు మానిఫోల్డు నుండి వచ్చే సన్నని గొట్టం. ఇంజెక్టరు నుండి వచ్చే పెట్రోలు దాని ముందున్న పీడనం మీద కాక, ముందు వెనుకల పీడనముల తేడా మీద ఆధారపడుతుంది. రెగ్యులేటరు పీడనం 3 బార్ అనుకుందాం. మానిఫోల్డులో 1 బార్ బూస్టు వచ్చినప్పుడు, గొట్టం బాగుంటే రెగ్యులేటరు పెట్రోలు పీడనాన్ని 4 బార్‌కు పెంచుతుంది, తేడా 3 బార్‌గానే నిలుస్తుంది. గొట్టం ఊడిపోతే పెట్రోలు పీడనం 3 బార్ వద్దే ఉండిపోతుంది, తేడా 2 బార్ మాత్రమే. ప్రవాహం పీడనభేదపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. 2/3 యొక్క వర్గమూలం సుమారు 0.816. అనగా పెట్రోలు 18 శాతం తగ్గుతుంది. 12 నిష్పత్తితో నడవవలసిన ఇంజను 12ను 0.816తో భాగించగా వచ్చే 14.7తో నడుస్తుంది. ఐడిలింగులో ఆదర్శమైన అదే సంఖ్య బూస్టులో ఇంజనుకు ప్రాణాంతకం.

తిరుగు గొట్టం లేని కొత్త పద్ధతులలో పీడనం స్థిరంగా ఉండి, కంప్యూటరే తేడాను లెక్కగట్టి ఇంజెక్టరు తెరిచి ఉండే కాలాన్ని పెంచుతుంది. సిలిండరులోనే నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజనులలో అధిక పీడన పంపు మరొకటి ఉంటుంది. అది బలహీనపడితే పి0087 వంటి లోపసంఖ్య వస్తుంది.

ఒక ఉదాహరణ: 1.8 టర్బో ఇంజను

ఫోక్స్‌వాగన్, ఆడీ సంస్థలు 1990ల మధ్య నుండి వాడిన 1781 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల 20 వాల్వుల టర్బో ఇంజను ఈ లోప నిర్ధారణ నేర్చుకోవటానికి చక్కని ఉదాహరణ. 2000ల దశకంలో భారతదేశంలో అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారులో ఉన్నది కూడా ఇదే. దీనిని నడిపే బాష్ మోట్రానిక్ ఎంఈ7 కంప్యూటరు దీర్ఘకాలిక దిద్దుబాటును రెండుగా విడదీసి దాచుకుంటుంది. ఐడిలింగులో నేర్చుకునేది సంకలన దిద్దుబాటు, పాక్షిక భారంలో నేర్చుకునేది గుణకార దిద్దుబాటు. స్కానరులో 032 సంఖ్య గల పట్టికలో ఇవి పక్కపక్కన కనబడతాయి.

ఈ విభజన వెనుక ఉన్నది ప్రాథమిక పాఠశాల గణితమే. ఐడిలింగులో ఇంజను సెకనుకు సుమారు 3 గ్రాముల గాలి పీలుస్తుంది. మానిఫోల్డు చీలిక నుండి 0.6 గ్రాము అదనంగా వస్తే కొలిచినదానిలో అది 20 శాతం. సెకనుకు 30 గ్రాములు పీల్చేటప్పుడు అదే 0.6 గ్రాము 2 శాతం మాత్రమే. పైగా థ్రాటిల్ తెరిచిన కొద్దీ పీల్పు తగ్గి చీలిక నుండి వచ్చేది ఇంకా తగ్గుతుంది. కాబట్టి సంకలన దిద్దుబాటు పెరిగి గుణకారం మామూలుగా ఉంటే మానిఫోల్డు వైపు లీకు. సంకలనం మామూలుగా ఉండి గుణకారం పెరిగితే పెట్రోలు పీడనమో, తక్కువ చూపే ఎయిర్ ఫ్లో సెన్సరో కారణం. ఇతర సంస్థల కార్లలో ఈ విభజన లేకపోయినా ఐడిలింగులో ఒకసారి, 2500 ఆర్‌పిఎం దగ్గర మరొకసారి ట్రిమ్ చదివి పోల్చితే ఇదే సమాచారం లభిస్తుంది.

ఈ ఇంజనులో మొదట చూడవలసినవి మానిఫోల్డు కింద దాగి ఉండే క్రాంక్‌కేసు గాలి గొట్టాలు. నూనె ఆవిరికి, వేడికి ఆ రబ్బరు మెత్తబడి చీలుతుంది. పైనుండి చూస్తే కనబడదు, చేతితో తడిమితే తెలుస్తుంది. లీకును కనిపెట్టటానికి ఉత్తమమైనది పొగ పరీక్ష. తక్కువ పీడనంతో పొగను లోపలికి పంపితే చీలిక ఉన్నచోట నుండి అది బయటికి వస్తుంది. టర్బో ముందున్న గొట్టాన్ని మూసి, సుమారు అర బార్ పీడనంతో గాలి పంపి, జాయింట్ల మీద సబ్బునీరు చల్లి బుడగల కొరకు చూడటం చౌకైన పద్ధతి. నడుస్తున్న ఇంజను మీద కార్బ్యురేటరు క్లీనరు చిమ్మి ఆర్‌పిఎం మార్పును గమనించే అలవాటు షెడ్డులలో ఉన్నది. టర్బో, దాని పొగ మానిఫోల్డు ఎర్రగా కాలేంత వేడెక్కుతాయి కనుక నిప్పంటుకునే ప్రమాదం ఎక్కువ, ఆ పని చేయకూడదు.

తరువాత పెట్రోలు పీడనం. ఈ ఇంజనులో ఐడిలింగు వద్ద సుమారు 2.5 బార్, రెగ్యులేటరు గొట్టం ఊడదీస్తే సుమారు 3 బార్ చూపాలి. గొట్టం తీసినా ముల్లు కదలకపోతే రెగ్యులేటరు లేక గొట్టం చెడినట్లు. గొట్టంలో పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటరు పొర చిరిగినట్లు. పీడనం నిలిచి ఉన్నా, బూస్టులో పడిపోతున్నదేమో చూడటానికి మీటరును ముందు అద్దం వైపు కనబడేలా బిగించి ఒకసారి రోడ్డు మీద నడిపించాలి. షెడ్డులో నిలిపి ఉన్న కారులో ఈ విషయం తెలియదు.

సెన్సరు పొరబడే సందర్భములు

లాంబ్డా సెన్సరు కొలిచేది ఆక్సిజనును, పెట్రోలును కాదు. ఒక సిలిండరులో స్పార్కు పడకపోతే అక్కడి గాలి మండకుండా పొగగొట్టంలోకి వచ్చి చేరుతుంది. పెట్రోలు కూడా దానితో పాటే వచ్చినా సెన్సరుకు ఆక్సిజను మాత్రమే కనబడి పలుచన అని చెబుతుంది. కంప్యూటరు మిగిలిన సిలిండర్లకు కూడా పెట్రోలు పెంచుతుంది, కన్వర్టరు కాలిపోతుంది. కాబట్టి పి0171తో పాటు మిస్‌ఫైర్ సంఖ్య కూడా ఉంటే ముందుగా ప్లగ్గులు, కాయిళ్ళు చూడాలి. సెన్సరుకు ముందు పొగగొట్టంలో గాస్కెట్ చీలినా ఇదే మోసం జరుగుతుంది. పొగ అలలు అలలుగా వచ్చేటప్పుడు మధ్యమధ్య బయటి గాలి లోపలికి పీల్చబడుతుంది. వేడికి తరచుగా వంగిపోయే టర్బో జాయింట్లు ఇందుకు అనువైన చోట్లు. గాస్కెట్ అంచున నల్లని మసి చారలు దీని గుర్తు.

లాంబ్డా సెన్సరును మార్చటం ఈ లోపానికి జరిగే అనవసరపు ఖర్చులలో మొదటిది. సెన్సరు పలుచన అని చెప్పినప్పుడు చాలాసార్లు నిజమే చెబుతుంది. దానిని పరీక్షించటం తేలిక: ఇంజను నడుస్తుండగా గాలి గొట్టంలోకి కొద్దిగా మండే వాయువును పద్ధతి ప్రకారం పంపితే, మంచి సెన్సరు వోల్టేజి వెంటనే 0.8 పైకి లేవాలి. లేస్తే సెన్సరు మంచిదే, లోపం మరొకచోట ఉన్నది.

ఇథనాలు కలిపిన పెట్రోలు

ఇథనాలు అణువులోనే ఆక్సిజను ఉన్నందున దాని ఆదర్శ నిష్పత్తి సుమారు 9 మాత్రమే. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలును భారతదేశంలో 2023 నుండి అమ్ముతున్నారు, 2025 నాటికి అది దేశమంతటా వ్యాపించింది. దీని నిష్పత్తి సుమారు 13.5. సాంద్రతల తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటే, అదే గాలికి శుద్ధ పెట్రోలు కంటె సుమారు 7 శాతం, 10 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు కంటె సుమారు 4 శాతం ఎక్కువ ఇంధనం చిమ్మాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో పాత టర్బో కారు ట్రిమ్ 5 శాతం పెరిగి కనబడితే అది లోపం కాకపోవచ్చును, ఇంధనపు స్వభావం కావచ్చును. ఇథనాలు నాకింగును ఎదుర్కొనే గుణం కలది కనుక ఒకవైపు మేలు కూడా ఉన్నది. అయితే అప్పటికే 15 శాతం దిద్దుబాటుతో నెట్టుకొస్తున్న కారుకు ఈ అదనపు శాతాలు తోడైతే హద్దు దాటి దీపం వెలుగుతుంది. అటువంటప్పుడు పెట్రోలు బంకును నిందించేకంటె ఆ 15 శాతానికి కారణం వెదకటం మంచిది.

మరమ్మతు తరువాత

లోపం సరిచేసిన తరువాత కంప్యూటరు నేర్చుకున్న పాత దిద్దుబాట్లను స్కానరుతో చెరిపివేయాలి. లేకపోతే చీలిక మూసిన ఇంజనుకు పాత అలవాటు చొప్పున అధిక పెట్రోలు అంది కొంతకాలం చిక్కని మిశ్రమంతో నడుస్తుంది. తరువాత ఐడిలింగులోను, పాక్షిక భారంలోను కారును కొంతదూరం నడిపి, కొత్త ట్రిమ్ సున్నా దగ్గర స్థిరపడిందని చూసిన పిదపనే బూస్టులో పరీక్షించాలి. ఆ పరీక్షలో వైడ్‌బ్యాండ్ మీటరు 1 వైపు జరుగుతున్నట్లు కనబడిన మరుక్షణం యాక్సిలరేటరు వదలివేయాలి.